లారీ టర్బోతో చేసిన జెట్ ఇంజిన్ మొదలవడానికి ఎంత గాలి, ఎంత ఒత్తిడితో కావాలి?

ప్రశ్న: మెకానికల్ చివరి సంవత్సరం విద్యార్థి, కాకినాడ

అందరికీ నమస్కారం. చివరి సంవత్సరం ప్రాజెక్టుగా నేను, నా మిత్రులు కలిసి పాత లారీ టర్బోచార్జర్‌తో (ఒకే షాఫ్టు మీద గాలిని నొక్కే కంప్రెసర్ చక్రం, వేడి వాయువుతో తిరిగే టర్బైన్ చక్రం ఉండే పరికరం) ఒక చిన్న జెట్ ఇంజిన్ తయారు చేస్తున్నాము. టర్బోను విజయవాడ ఆటోనగర్‌లోని పాత సామాన్ల కొట్టులో కొన్నాము. కంప్రెసర్ చక్రానికి గాలి పీల్చే వైపు వ్యాసం 54 మి.మీ., బయటి అంచు వ్యాసం 78 మి.మీ. ఉన్నాయి, టర్బైన్ హౌసింగు మీద 12 అనే అంకె పోతలోనే వచ్చి ఉంది. దహన గదిని ఆరంగుళాల ఇనుప గొట్టంతోను, లోపల మంట నిలిచే రంధ్రాల గొట్టాన్ని, అంటే ఫ్లేమ్ ట్యూబును, స్టెయిన్‌లెస్ స్టీలు రేకుతోను చేశాము. రేకుకు వేసిన రంధ్రాల మొత్తం వైశాల్యం కంప్రెసర్ నోటి వైశాల్యానికి ఇంచుమించు సమానంగా ఉండేటట్టు చూశాము. ప్రస్తుతానికి ఇంధనం ఎల్‌పీజీ.

కంప్రెసర్ నోటి దగ్గర 600 వాట్ల చేతి బ్లోయర్ పెట్టి ఊదితే షాఫ్టు చక్కగా తిరుగుతోంది. స్పార్కు ఇచ్చి గ్యాసు వదిలితే మంట అంటుకుంటోంది, వేగం కొంత పెరుగుతోంది, ఆపైన అక్కడే నిలిచిపోతోంది. గ్యాసు పెంచితే వేగానికి బదులు వేడి పెరిగి వెనక గొట్టం ఎర్రబడుతోంది. బ్లోయర్ తీసిన కొద్ది క్షణాలకే షాఫ్టు వేగం తగ్గిపోయి ఆగుతోంది. బ్లోయర్ పెట్టె మీద నిమిషానికి 3 ఘనమీటర్లు అని ముద్రించి ఉంది. ఇంజిన్ తనంతట తాను నడవడం మొదలుపెట్టాలంటే నిమిషానికి ఎన్ని ఘనమీటర్ల గాలి కావాలో లెక్క వేసే పద్ధతి ఏమిటి? ఇలాంటి బ్లోయర్లు రెండు కలిపితే సరిపోతుందా? కలిపితే పక్కపక్కన పెట్టాలా, ఒకదాని వెనక ఒకటి పెట్టాలా?

మొదటి జవాబు: థర్మల్ ఇంజినీరింగ్ అధ్యాపకుడు, హైదరాబాద్

మీరు గమనించిన లక్షణాలన్నీ ఒకే కారణాన్ని చూపిస్తున్నాయి కనుక కాస్త వివరంగా రాస్తాను. ఎన్ని ఘనమీటర్లు అనే ప్రశ్నకు విడిగా జవాబు ఉండదు. ఎంత ఒత్తిడి దగ్గర అన్ని ఘనమీటర్లు అని అడగాలి. పెట్టె మీద వేసే అంకె బ్లోయర్ మూతికి ఏ అడ్డూ లేనప్పటిది. మీ ఇంజిన్‌లో ఆ గాలి కంప్రెసర్ రెక్కలు, ఫ్లేమ్ ట్యూబు రంధ్రాలు, టర్బైన్ హౌసింగు సందు దాటి బయటపడాలి. అంత అడ్డు ఎదురైనప్పుడు ఆ 3 ఘనమీటర్లలో ఎంత మిగులుతుందన్నదే అసలు విషయం.

ఇంజిన్ తనంతట తాను నడవాలంటే, టర్బైన్ ఇచ్చే వాట్లు కంప్రెసర్ తినే వాట్లకన్నా, బేరింగులలో పోయే వాట్లతో సహా, ఎక్కువగా ఉండాలి. ఒత్తిడి పెరుగుదల తక్కువగా ఉండే ఈ తొలి దశలో ఈ షరతును సులభంగా రాయవచ్చు. టర్బైన్‌లోకి వెళ్లే వాయువు ఉష్ణోగ్రతను బయటి గాలి ఉష్ణోగ్రతతో, రెండూ కెల్విన్‌లలో తీసుకొని, భాగించండి. దాన్ని కంప్రెసర్ దక్షతతో, టర్బైన్ దక్షతతో, దహన గదిలో ఒత్తిడి నష్టం పోగా మిగిలే భాగంతో గుణించండి. ఫలితం 1 కన్నా ఎక్కువైతే ఇంజిన్ వేగం పుంజుకుంటుంది, తక్కువైతే బయటి సాయం లేకుండా నిలవదు.

వాయువు 900 కెల్విన్‌లు, బయటి గాలి 303 కెల్విన్‌లు అనుకుంటే మొదటి నిష్పత్తి 2.97. వేగం తక్కువగా ఉన్నప్పుడు రెండు దక్షతలూ 60 శాతానికి మించవని, దహన గదిలో పదో వంతు ఒత్తిడి పోతుందని తీసుకుంటే ఫలితం 0.96 దగ్గర ఆగుతుంది. బేరింగుల నష్టం ఇంకా కలపలేదు. వేగం పెరిగి కంప్రెసర్ దక్షత 68 శాతానికి, టర్బైన్ దక్షత 65 శాతానికి చేరితే అదే ఉష్ణోగ్రతకు ఫలితం 1.2కు వస్తుంది. అంటే తక్కువ వేగంలో లోటు, ఎక్కువ వేగంలో మిగులు. ఈ లోటు ప్రాంతాన్ని దాటించేంత వరకు బ్లోయర్ అండగా ఉండాలి. వేడిని పెంచి ఈ లోటును పూడ్చవచ్చని అనిపిస్తుంది. కానీ వేడెక్కిన వాయువు వ్యాకోచించి టర్బైన్ సందులో ఇరుక్కుంటుంది, బలహీనమైన బ్లోయర్ దానికి ఎదురు ఊదలేక గాలిని తగ్గిస్తుంది, గాలి తగ్గినందువల్ల వేడి మరింత పెరుగుతుంది. మీ వెనక గొట్టం ఎర్రబడడానికి కారణం ఇదే.

ఇప్పుడు మీ టర్బోకు లెక్క వేద్దాం. నిమిషానికి 30,000 చుట్ల దగ్గర 78 మి.మీ. చక్రం అంచు వేగం సెకనుకు 122 మీటర్లు. ఆ వేగం వర్గాన్ని జారుడు గుణకం (గాలి చక్రం వేగాన్ని పూర్తిగా అందుకోదు కనుక వేసే తగ్గింపు) 0.85తో గుణిస్తే ప్రతి కిలో గాలి మీద కంప్రెసర్ చేసే పని సుమారు 12,750 జౌళ్లు. 60 శాతం దక్షతతో అది దాదాపు 9 కిలోపాస్కళ్ల ఒత్తిడిగా మారుతుంది. ఇదే పద్ధతిలో 20,000 చుట్ల దగ్గర సుమారు 4 కిలోపాస్కళ్లు, 40,000 దగ్గర సుమారు 17 కిలోపాస్కళ్లు వస్తాయి. హౌసింగు మీది 12 అనేది చదరపు సెంటీమీటర్లలో సందు వైశాల్యమని, అందులో పనికివచ్చేది 10 చదరపు సెంటీమీటర్ల పైచిలుకని అనుకుంటున్నాను.

బ్లోయర్ లేకుండా 30,000 చుట్ల దగ్గర టర్బైన్‌కు దొరికే ఒత్తిడి 8 కిలోపాస్కళ్లు. 900 కెల్విన్‌ల వాయువు ఆ ఒత్తిడికి సెకనుకు 83 గ్రాముల చొప్పున సాగుతుంది. టర్బైన్ ఇచ్చేది సుమారు 950 వాట్లు, కంప్రెసర్ అడిగేది 1,060 వాట్లు; బేరింగులకు 100 వాట్లు కలిపితే లోటు 200 వాట్లు దాటుతుంది. ఇప్పుడు కంప్రెసర్ నోటిలోకి 3 కిలోపాస్కళ్ల ఒత్తిడితో గాలి ఇస్తే టర్బైన్‌కు 11 కిలోపాస్కళ్లు దొరుకుతాయి, ప్రవాహం సెకనుకు 98 గ్రాములు అవుతుంది, టర్బైన్ 1,540 వాట్లు ఇస్తుంది. కంప్రెసర్‌కు 1,250, బేరింగులకు 100 పోగా 190 వాట్లు షాఫ్టు వేగం పెంచడానికి మిగులుతాయి. బ్లోయర్ గాలిలో ఉన్న శక్తి 250 వాట్లే అయినా ఇంత తేడా రావడానికి కారణం, ఆ ఒత్తిడితో వెళ్లిన గాలి దహన గదిలో మూడింతలు వ్యాకోచించి టర్బైన్ మీద పనిచేయడం. ఈ అందమైన విషయం అర్థమైతే గ్యాస్ టర్బైన్ పాఠంలో సగం అర్థమైనట్టే.

సెకనుకు 98 గ్రాములంటే మన ఎండాకాలపు గాలిలో నిమిషానికి 5 ఘనమీటర్లు. కాబట్టి మీకు కావలసినది 3 కిలోపాస్కళ్ల ఎదురు ఒత్తిడి ఉండగా నిమిషానికి 5 ఘనమీటర్లు. నేను తీసుకున్న దక్షతలు అంచనాలు కనుక అయిదో వంతు అటూ ఇటూ పెట్టుకోండి.

దీన్ని కొలవడం కష్టం కాదు. పెద్ద రంగు డబ్బా ఒకటి తీసుకోండి. ఒక పక్క బ్లోయర్ గాలి బయటికి కారకుండా బిగించి, ఎదురు పక్క పలుచని రేకులో 50 మి.మీ. వ్యాసంతో, అంచులు పదునుగా ఉండేటట్టు ఒక రంధ్రం చేయండి. బ్లోయర్ గాలి నేరుగా ఆ రంధ్రానికి తగలకుండా మధ్యలో ఒక అడ్డు రేకు ఉండాలి. మేస్త్రీలు మట్టం చూసుకునే పారదర్శకపు గొట్టాన్ని ఆంగ్ల యూ ఆకారంలో వంచి నీళ్లు పోసి, ఒక కొసను డబ్బా గోడకు తగిలించండి. రెండు నీటి మట్టాల మధ్య 30 సెం.మీ. తేడా నిలిస్తే 3 కిలోపాస్కళ్లు ఉన్నట్టు. పదునైన అంచు రంధ్రానికి ప్రవాహ గుణకం 0.6 కనుక, ఆ ఒత్తిడి దగ్గర 50 మి.మీ. రంధ్రం గుండా పోయే గాలి సరిగ్గా నిమిషానికి 5 ఘనమీటర్లు. తరువాత రంధ్రం పూర్తిగా మూసి మరొకసారి చూడండి. మూసినప్పుడు 30 సెం.మీ. కన్నా బాగా ఎక్కువ ఉండి, తెరిచినప్పుడు కూలిపోతే మీ బ్లోయర్‌కు ఒత్తిడి ఉంది, గాలి చాలదు. అలాంటివి పక్కపక్కన కలపాలి. మూసినప్పుడే 30 సెం.మీ. రాకపోతే ఒకదాని వెనక ఒకటి పెట్టాలి.

రెండో జవాబు: టర్బోలు బాగుచేసే మెకానిక్, విజయవాడ ఆటోనగర్

మాస్టారు గాలి లెక్క చెప్పారు, నేను ఇనుము సంగతి చెబుతాను తమ్ముడూ. ముందు ఆ 12 అంకె. హోల్‌సెట్ వారి టర్బోలలో హౌసింగు మీద ఉండే అంకె చదరపు సెంటీమీటర్లలో వైశాల్యమే. గ్యారెట్ వారి హౌసింగుల మీద 0.63 లాంటి అంకె ఉంటుంది; అది ఏ బై ఆర్ నిష్పత్తి (సందు వైశాల్యాన్ని షాఫ్టు మధ్య నుండి దాని దూరంతో భాగించినది), వైశాల్యం కాదు. మీది 12 అని ఉందంటే మాస్టారి ఊహ సరైనదే అయివుండాలి, అయినా ప్లేటు చూసి కంపెనీ నిర్ధారించుకోండి. పైగా ఆ హౌసింగుకు లోపల మధ్య గోడతో రెండు దారులు ఉంటాయి. మీరు వెల్డింగు చేసిన ఫ్లాంజి (గొట్టాన్ని హౌసింగుకు బిగించే పళ్లెం) ఒక దారినే ఎక్కువగా తెరిచి ఉంచిందంటే సగం సందు వృథా అయినట్టే. విప్పి చూడండి.

పాత కొట్టులో కొన్న టర్బో అంటున్నారు కాబట్టి షాఫ్టు ఆట చూడాలి. ఈ టర్బోలలో బుష్ బేరింగులు నూనె పొర మీద తేలుతూ తిరుగుతాయి కనుక చేత్తో కదిపితే పక్కలకు కొద్దిపాటి ఆట ఉండడం సహజం. చక్రం హౌసింగును తాకకూడదు, ముందుకు వెనక్కి ఆట చేతికి తెలియకూడదు. రెక్కల కొసలు అరిగి హౌసింగుకు, చక్రానికి మధ్య ఖాళీ పెరిగి ఉంటే దక్షత పడిపోతుంది. మాస్టారు తీసుకున్న 60 శాతం కూడా అప్పుడు రాదు, ఎంత పెద్ద బ్లోయర్ పెట్టినా లాభం ఉండదు.

నూనె విషయంలో ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. ఊదడానికి ముందే నూనె పంపు నడవాలి, గేజి మీద 2 బార్లు కనిపించాలి. నూనె తిరిగి వచ్చే గొట్టం లావుగా, నేరుగా కిందికి దిగాలి; అది వంకర తిరిగినా, ట్యాంకులో నూనె కిందికి మునిగినా నూనె లోపలే నిలిచి సీళ్ల నుండి టర్బైన్ వైపు కారి మండుతుంది. చలికాలం ఉదయం మందపు ఇంజిన్ ఆయిలుతో ప్రయత్నిస్తే బేరింగుల దగ్గరే బ్లోయర్ బలం చాలావరకు పోతుంది. పలుచటి నూనె వాడండి, లేదా కొంచెం వేడి చేసి పోయండి.

బ్లోయర్ కోసం కొత్తగా డబ్బు పెట్టవద్దు. మామిడి తోటలకు మందు కొట్టే, వీపున తగిలించుకునే పెట్రోలు మిస్ట్ బ్లోయర్ మీ వైపు రైతుల దగ్గర దొరుకుతుంది. మందు డబ్బా తీసేసి, గొట్టం శుభ్రంగా కడిగి ఆరబెట్టి, మాస్టారు చెప్పిన డబ్బాతో కొలిచి చూడండి.

ప్రశ్న అడిగిన విద్యార్థి

సార్, అన్నగారూ, ఇద్దరికీ కృతజ్ఞతలు. డబ్బా పరీక్ష చేశాము. మా చేతి బ్లోయర్‌కు రంధ్రం మూసినప్పుడు 52 సెం.మీ., 50 మి.మీ. రంధ్రం తెరిచినప్పుడు 8 సెం.మీ. వచ్చాయి. మా మిత్రుడి మామయ్యగారి తోటలోని మిస్ట్ బ్లోయర్‌కు మూసినప్పుడు 45, తెరిచినప్పుడు 36 వచ్చాయి. హౌసింగుకు రెండు దారులు ఉన్న మాట నిజమే, ఫ్లాంజిని సరిచేస్తున్నాము. మిస్ట్ బ్లోయర్‌ను ఇంజిన్‌కు బిగించే ముందు, దాన్ని ఎప్పుడు తీయాలో ఎలా తెలుసుకోవాలి? మంట అంటుకున్న వెంటనే తీయాలా, ఇంకా ఉంచాలా?

మొదటి జవాబు రాసిన అధ్యాపకుడు

చక్కగా కొలిచారు. 8 సెం.మీ. దగ్గర మీ చేతి బ్లోయర్ ఇస్తున్నది నిమిషానికి రెండున్నర ఘనమీటర్లు మాత్రమే. అలాంటివి రెండు పక్కపక్కన కలిపితే 18 సెం.మీ. దగ్గర, మూడు కలిపితే 25 సెం.మీ. దగ్గర నిలుస్తుంది. మిస్ట్ బ్లోయర్ ఒక్కటే 36 సెం.మీ. ఇస్తోంది కనుక, నిమిషానికి అయిదున్నర ఘనమీటర్ల లెక్కన, మీకు కొద్దిగా మిగులు కూడా ఉంది. వాక్యూమ్ క్లీనరు గురించి ఎవరైనా సలహా ఇస్తే అదే పరీక్ష పెట్టండి. వాటి మోటారు పూర్తిగా మూసినప్పుడు 2 మీటర్ల నీటి ఎత్తు వరకు లాగగలదు గానీ తెరిచినప్పుడు కూడా గాలి నిమిషానికి 3 ఘనమీటర్లకు మించదు.

మూడో జవాబు: విమాన నిర్వహణ ఇంజినీరు, శంషాబాద్

బ్లోయర్ ఎప్పుడు తీయాలన్న ప్రశ్నకు మా వృత్తిలో రోజూ చూసే విషయం ఉపయోగపడుతుంది. బోయింగ్ 737లోని సీఎఫ్‌ఎం56 ఇంజిన్‌ను మొదలుపెట్టేటప్పుడు గాలిని ముందు నోటిలోకి ఊదరు; ఒత్తిడితో వచ్చే గాలి ఒక చిన్న స్టార్టర్ టర్బైన్‌ను తిప్పుతుంది, అది గేర్ల ద్వారా హై ప్రెషర్ షాఫ్టును తిప్పుతుంది. ఆ షాఫ్టు 25 శాతం వేగానికి చేరాక ఇంధనం ఇస్తారు. అయితే స్టార్టర్ అప్పుడే విడిపోదు. 56 శాతం దగ్గర విడిపోతుంది. అంటే మంట వెలిగిన తరువాత కూడా చాలాసేపు స్టార్టర్, మంట కలిసి పనిచేస్తాయి. నిపుణులు రూపొందించిన ఇంజిన్‌కే అంత సాయం అవసరమైతే, మీ ఇంజిన్ దగ్గర మంట అంటుకోగానే బ్లోయర్ తీయాలన్న ఆలోచన వదిలేయాలి.

తీయవలసిన క్షణాన్ని మీ నీళ్ల గొట్టమే చెబుతుంది. బ్లోయర్‌కు, కంప్రెసర్ నోటికి మధ్య ఉన్న గొట్టానికి దాన్ని తగిలించండి. మొదట మట్టాల మధ్య తేడా ఎక్కువగా ఉంటుంది. షాఫ్టు వేగం పెరిగేకొద్దీ కంప్రెసర్ తానే గాలి పీల్చుకుంటుంది కనుక తేడా తగ్గుతూ వస్తుంది, ఒక దశలో రెండు మట్టాలూ సమానం అవుతాయి. అక్కడి నుండి బ్లోయర్ సాయం చేయడం మాని దారికి అడ్డంగా మారుతుంది. నీళ్లు ఇంజిన్ వైపు లాగబడతాయి. సమానమైన క్షణంలోనే తీయాలి. చేత్తో తీసేకన్నా మంచి ఉపాయం ఒకటుంది: ఆ గొట్టం పక్కన, కనీసం కంప్రెసర్ నోటికన్నా రెట్టింపు వైశాల్యంతో, లోపలికి మాత్రమే తెరుచుకునే పలుచని రేకు తలుపు పెట్టండి. లోపల ఒత్తిడి ఉన్నంతసేపు అది మూసుకొని ఉంటుంది, ఇంజిన్ పీల్చడం మొదలుపెట్టగానే తనంతట తాను తెరుచుకుంటుంది. అప్పుడు ఎవరూ ఇంజిన్ దగ్గరికి వెళ్లే అవసరం ఉండదు. తలుపుకు బయటి వైపు జాలీ తప్పనిసరి.

గాలికి తోడు ఇంధనాన్ని కూడా లెక్కలో పెట్టుకోండి. సెకనుకు 98 గ్రాముల గాలిని 900 కెల్విన్‌లకు తేవాలంటే సెకనుకు 1.3 గ్రాముల ఎల్‌పీజీ చాలు. అంతకు మించి వదిలితే అది మంటగా వెనక గొట్టంలో కనిపిస్తుందే తప్ప వేగంగా మారదు. టర్బైన్ ముందు కె రకం థర్మోకపుల్ (ఎక్కువ వేడిని కొలిచే తీగ) పెట్టి, 750 డిగ్రీల సెల్సియస్ దాటితే గ్యాసు ఆపండి; డీజిల్ టర్బోల చక్రాలు సాధారణంగా ఆ స్థాయి వేడికే తయారవుతాయి. సిలిండరు విషయంలో, ఇంటికిచ్చే 14.2 కిలోలది ఇలాంటి పనికి వాడడం నిబంధనలకు విరుద్ధం. 19 కిలోల వాణిజ్య సిలిండరు తీసుకోండి. ఎక్కువసేపు లాగితే సిలిండరు చల్లబడి గ్యాసు ఒత్తిడి పడిపోతుంది, అప్పుడు ఇంజిన్ మందగించడాన్ని గాలి లోపంగా పొరబడవచ్చు.

స్పార్కు ముందు, గ్యాసు తరువాత. ఈ వరుస మారకూడదు. అంటుకోకపోతే గ్యాసు ఆపి, బ్లోయర్‌ను మాత్రం ఒక నిమిషం పైగా నడిపి లోపల మిగిలినదంతా తోలేయాలి. ఎల్‌పీజీ గాలికన్నా బరువైనది కనుక నేల మీద గుంటలోనో, గది మూలలోనో పేరుకుంటుంది. పరీక్ష ఆరుబయట, గాలి ఆడే చోట చేయండి. మీరు తరువాత కిరోసిన్‌కు మారాలనుకుంటే ఇది ఇంకా ముఖ్యం. 1937 ఏప్రిల్ 12న ఇంగ్లండులోని రగ్బీలో ఫ్రాంక్ విటిల్ తన తొలి జెట్ ఇంజిన్‌ను నడిపినప్పుడు, లోపల ముందే కారి పేరుకున్న ఇంధనం మండి, ఇంధనం కట్టేసిన తరువాత కూడా ఇంజిన్ అదుపు తప్పి వేగం పుంజుకుంది. పేరుకున్నది మండిపోయేదాకా ఆపడం ఎవరివల్లా కాలేదు. మీ దహన గదికి అట్టడుగున ఒక చిన్న డ్రెయిన్ కుళాయి పెట్టి, ప్రతి ప్రయత్నానికి ముందు తెరిచి చూడండి.

చివరిగా, చక్రాలు తిరిగే తలానికి ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. చక్రం పగిలితే ముక్కలు ఆ తలంలోనే బయటికి వస్తాయి. టర్బోకు ఆ రెండు పక్కలా మందపు ఇనుప పలక నిలబెట్టి, గ్యాసు కవాటాన్ని, నూనె గేజిని, నీళ్ల గొట్టాన్ని ఇంజిన్‌కు ముందు పక్కగా, చాలినంత దూరంలో ఒకే బల్ల మీదికి తెచ్చుకోండి. మీరు సరిచేస్తున్న ఫ్లాంజి బిగించాక, మంట లేకుండా మిస్ట్ బ్లోయర్‌తో చల్లగా తిప్పి, ఆ వేగం దగ్గర నోటి వద్ద నీటి మట్టం ఎంత చూపిస్తుందో ఇక్కడ రాయండి. అది 36 సెం.మీ. కన్నా బాగా ఎక్కువగా, మూసినప్పటి 45కు దగ్గరగా ఉంటే, ఇంజిన్ లోపల ఎక్కడో దారి ఇంకా ఇరుకుగా ఉందని అర్థం. వెలిగించే ముందే దాన్ని వెతకాలి.